జేఎస్‌పీ పేజీల్లో బీన్లు: క్లాసు చిన్నదే, చిక్కంతా స్కోపు దగ్గరే

క్లుప్తంగా: సర్వర్ మీద నడిచే జావా వెబ్ పేజీల్లో, అంటే జేఎస్‌పీల్లో, మళ్లీ మళ్లీ వాడుకునేందుకు రాసుకునే మామూలు క్లాసునే బీన్ అంటారు. రాయడం తేలిక, పేజీలోకి పిలవడం ఇంకా తేలిక. ఆ ఆబ్జెక్టు ఎంతసేపు బతుకుతుంది, ఎవరెవరి చేతుల్లో పడుతుంది అన్నది, అంటే దాని స్కోపు, తేల్చుకోవడమే కష్టం. బీన్ల వల్ల వచ్చాయనుకునే తప్పుల్లో చాలావరకు ఈ ప్రశ్నను దాటేయడం వల్ల వచ్చేవే. ఫారంలోని విలువలన్నీ ఒక్క దెబ్బకి బీన్‌లో పోసే సౌకర్యం కూడా అలాంటిదే, దాని లోపలి నియమాలు తెలిస్తే మేలు చేస్తుంది, తెలియకపోతే పాత డేటాని, కొన్నిసార్లు భద్రతా లోపాన్ని కూడా మిగులుస్తుంది.

## ఒకే పేరు, నాలుగు వస్తువులు

జావా నేర్చుకుంటున్నవాళ్లకి మొదట తగిలే గందరగోళం పేరు దగ్గరే. జావాబీన్, ఎంటర్‌ప్రైజ్ జావాబీన్, స్ప్రింగ్ బీన్, సీడీఐ బీన్... నాలుగింటిలోనూ బీన్ ఉంది కాబట్టి అన్నీ ఒకటేనేమో అనిపిస్తుంది. కాదు.

జావాబీన్ అన్నిటికంటే పాతది. సన్ మైక్రోసిస్టమ్స్ దీని స్పెసిఫికేషన్‌ని 1996 చివర్లో తెచ్చింది, 1997లో వచ్చిన జేడీకే 1.1తో అది జావాలో భాగమైంది. అప్పటి ఉద్దేశానికీ వెబ్‌కీ సంబంధమే లేదు. బటన్లు, టెక్స్ట్ బాక్సుల్లాంటి భాగాల్ని ఒక టూల్‌లో మౌస్‌తో లాగి పెట్టుకుని, వాటి రంగు, సైజు లాంటి లక్షణాల్ని అక్కడికక్కడే మార్చుకోవాలి. అలా మార్చాలంటే తనకు ముందుగా తెలియని క్లాసులో ఏ లక్షణాలున్నాయో ఆ టూల్ కనిపెట్టగలగాలి. అందుకోసమే గెట్, సెట్ అనే పేర్ల పద్ధతి పెట్టారు. గెట్‌కలర్, సెట్‌కలర్ అనే మెథడ్లు కనిపిస్తే కలర్ అనే ప్రాపర్టీ ఉందన్నమాట. అంతకు మించి మర్మం ఏమీ లేదు. తర్వాత వెబ్ పేజీలు వాడుకున్నదీ సరిగ్గా ఈ పేర్ల పద్ధతినే.

1998లో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ జావాబీన్ వేరే జాతి. లావాదేవీలు, వేరే మెషీన్ నుంచి పిలవడం, భద్రత లాంటివన్నీ కంటెయినర్ (అప్లికేషన్‌ని నడిపే సర్వర్ భాగం) చూసుకునే బరువైన ఏర్పాటు అది. స్ప్రింగ్ బీన్ అంటే స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ తయారుచేసి తన దగ్గర పెట్టుకునే ఏ ఆబ్జెక్టయినా, దానికి గెట్, సెట్ మెథడ్లు ఉండితీరాలని లేదు. సీడీఐ బీన్ కూడా దాదాపు అదే ఆలోచన, 2009లో జావా ఈఈ 6 (సర్వర్ అప్లికేషన్లకి జావా ప్రమాణాల సముదాయం)తో ప్రమాణంగా వచ్చింది. ఇక్కడ మాట్లాడుకునేది మొదటిదాని గురించే.

## పేజీలోకి బీన్ ఎందుకొచ్చింది

1997లో వచ్చిన సర్వ్‌లెట్లలో (బ్రౌజర్ రిక్వెస్టుకి సర్వర్ మీద జవాబిచ్చే జావా క్లాసుల్లో) హెచ్‌టీఎంఎల్ రాయాలంటే ప్రతి లైనూ ప్రింట్ స్టేట్‌మెంట్‌లో పెట్టాలి. పేజీలో ఒక రంగు మార్చాలన్నా జావా ఫైలు తెరిచి, కంపైల్ చేసి, మళ్లీ ఎక్కించాలి. 1999లో వచ్చిన జేఎస్‌పీ దీన్ని తిరగేసింది: పేజీ హెచ్‌టీఎంఎల్‌గానే ఉంటుంది, కావాల్సిన చోట మధ్యలో జావా ముక్కలు పెట్టుకోవచ్చు. ఆ ముక్కల్నే స్క్రిప్ట్‌లెట్ అంటారు.

సౌకర్యంగానే ఉంది, కానీ పెరిగిన కొద్దీ పేజీ చదవడానికి వీల్లేకుండా పోయింది. డేటాబేస్ కనెక్షన్ పైన తెరుస్తారు, మధ్యలో టేబుల్ గీస్తారు, ఆ టేబుల్ లోపలే ధరలో తగ్గింపు లెక్కేస్తారు, చివర్లో కనెక్షన్ మూస్తారు, ఎక్కడో ఒక బ్రాకెట్ మరిచిపోతే తప్పు ఏ లైన్లో ఉందో వెతుక్కుంటూ కూర్చోవాలి. అదే తగ్గింపు లెక్క ఇంకో పేజీలో కావాలంటే కాపీ చేసి అతికించడమే. ఒకచోట లెక్క మారుస్తారు, రెండోచోట మరిచిపోతారు.

బీన్ దీనికి జవాబుగా వచ్చింది. లెక్కలన్నీ క్లాసులోకి పోతాయి, పేజీకి చూపించే పని మాత్రమే మిగులుతుంది. ఇందుకోసం జేఎస్‌పీలో మూడు ట్యాగులు పెట్టారు. యూజ్‌బీన్ ఆబ్జెక్టుని వెతుకుతుంది లేదా సృష్టిస్తుంది, సెట్‌ప్రాపర్టీ దానిలో విలువ పెడుతుంది, గెట్‌ప్రాపర్టీ విలువ తీసి పేజీలో రాస్తుంది. జావా రాయడం రాని డిజైనర్ కూడా ఈ మూడింటితో పని నడుపుకోవచ్చన్నది అప్పటి ఆశ.

క్లాసు పాటించాల్సినవి కొన్నే. క్లాసు పబ్లిక్ అయి ఉండాలి, ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ కావాలి, ప్రాపర్టీలకు గెట్, సెట్ మెథడ్లు కావాలి. ఇంకోటి ఉంది, కొత్తవాళ్లని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే: క్లాసు ఏదో ఒక ప్యాకేజీలో ఉండాలి. జావా 1.4 నుంచి ప్యాకేజీ లేని క్లాసుని ప్యాకేజీ ఉన్న క్లాసులోకి ఇంపోర్ట్ చేయడం కుదరదు, జేఎస్‌పీలు నడిపే సర్వర్ టామ్‌క్యాట్ ప్రతి జేఎస్‌పీనీ ఒక ప్యాకేజీలోనే కంపైల్ చేస్తుంది. కాబట్టి ప్యాకేజీ లైను రాయని బీన్ విడిగా బాగానే కంపైల్ అవుతుంది, పేజీలో మాత్రం కనిపించదు. కంపైల్ అయిన ఫైలు వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ కింద క్లాసెస్‌లో, ప్యాకేజీ పేరుకు సరిపోయే సబ్‌ఫోల్డర్‌లో ఉండాలి, లేదా జార్‌గా కట్టి లిబ్ ఫోల్డర్‌లో పెట్టాలి. యూజ్‌బీన్ క్లాసు విలువ చెల్లదు అని టామ్‌క్యాట్ ఎర్రర్ చూపిస్తే ముందు చూసుకోవాల్సినవి ఇవే: ప్యాకేజీ, ఫోల్డర్, కన్‌స్ట్రక్టర్.

## యూజ్‌బీన్ ట్యాగు నిజంగా చేసే పని

జేఎస్‌పీ పేజీ అలాగే నడవదు. మొదటిసారి ఎవరో అడిగినప్పుడు కంటెయినర్ దాన్ని సర్వ్‌లెట్‌గా, అంటే జావా కోడుగా మార్చి, కంపైల్ చేసి, ఆ తర్వాత నడుపుతుంది. టామ్‌క్యాట్‌లో వర్క్ అనే ఫోల్డర్ తెరిస్తే అలా పుట్టిన జావా ఫైళ్లు కనిపిస్తాయి. బీన్ల గురించి అనుమానం వచ్చినప్పుడల్లా పుస్తకం కంటే ముందు ఆ ఫైలు తెరవడం మంచి అలవాటు, ఎందుకంటే పేజీలో ఒక్క లైనుగా కనిపించే ట్యాగు అక్కడ పదిలైన్లుగా విప్పుకుని ఉంటుంది.

కార్ట్ అనే ఐడీతో, సెషన్ (ఒక బ్రౌజర్ కోసం సర్వర్ గుర్తుంచుకునే డేటా) స్కోపుతో ఒక యూజ్‌బీన్ ట్యాగు రాశారనుకుందాం. పుట్టిన కోడులో ముందుగా కార్ట్ అనే లోకల్ వేరియబుల్ నల్‌గా మొదలవుతుంది. తర్వాత సెషన్ ఆబ్జెక్టు మీద సింక్రనైజ్డ్ బ్లాకు తెరుచుకుంటుంది, అంటే ఒకేసారి నడిచే పనుల్లో (థ్రెడ్లలో) ఒక్కదాన్నే లోపలికి రానిచ్చే తాళం. ఆ బ్లాకులో కార్ట్ అనే పేరుతో సెషన్లో ఏదైనా ఉందా అని చూస్తుంది. ఉంటే దాన్నే తెచ్చుకుని వేరియబుల్‌లో పెడుతుంది. లేకపోతే కొత్త ఆబ్జెక్టు చేసి, అదే పేరుతో సెషన్లో దాచిపెడుతుంది. బ్లాకు అక్కడితో మూసుకుంటుంది.

ఇందులోంచి రెండు సంగతులు పట్టుకోవాలి. ఒకటి, యూజ్‌బీన్ అంటే కొత్తది చేయడం కాదు, ఉంటే వాడు లేకపోతే చెయ్యి అని అర్థం. అందుకే ట్యాగు తెరిచి మూసే మధ్యలో రాసిన సెట్‌ప్రాపర్టీలు బీన్ కొత్తగా పుట్టినప్పుడు మాత్రమే నడుస్తాయి, ట్యాగు బయట రాసినవి ప్రతిసారీ నడుస్తాయి. మొదటిసారి పనిచేసింది, రిఫ్రెష్ చేస్తే విలువ మారట్లేదు అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే తేడా. రెండోది, ఆ సింక్రనైజ్డ్ తాళం బీన్ని వెతకడానికి, సృష్టించడానికి మాత్రమే. బ్లాకు మూసుకున్నాక ఆ బీన్ మీద రెండు థ్రెడ్లు ఒకేసారి పనిచేస్తే ఆపే నాథుడు లేడు.

క్లాసు, టైప్ అనే రెండు యాట్రిబ్యూట్ల తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. క్లాసు ఇస్తే లేనప్పుడు కొత్తది చేస్తుంది. టైప్ మాత్రమే ఇస్తే ఆ పేరుతో ముందే ఉండాల్సిందే, లేకపోతే ఎక్సెప్షన్. బీన్ని సర్వ్‌లెట్ నింపి పంపాల్సిన పేజీలో టైప్ వాడితే, ఎవరైనా ఆ పేజీ అడ్రసు నేరుగా కొట్టినప్పుడు ఖాళీ బీన్‌తో అర్థంలేని పేజీ కనిపించే బదులు తప్పు వెంటనే బయటపడుతుంది. నిశ్శబ్దంగా ఖాళీ చూపించడం కంటే గట్టిగా ఆగిపోవడం ఎప్పుడూ నయం.

## నాలుగు స్కోపులు, నాలుగు ఆయుష్షులు

స్కోపు అంటే బీన్ ఆయుష్షు. ఏమీ రాయకపోతే పేజీ స్కోపు: ఆ పేజీ ఆ రిక్వెస్టుకి జవాబిచ్చేంతవరకే. రిక్వెస్ట్ స్కోపులో, అదే రిక్వెస్టుని ఫార్వర్డ్ ద్వారా ఇంకో పేజీకి పంపినా, ఇన్‌క్లూడ్ చేసినా బీన్ వెంట వస్తుంది. సెషన్ స్కోపులో ఒక బ్రౌజర్‌తో నడిచే సెషన్ ఉన్నంతకాలం ఉంటుంది, టామ్‌క్యాట్ మామూలు సెట్టింగ్‌లో 30 నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ పోతుంది. అప్లికేషన్ స్కోపులో అప్లికేషన్ నడిచినంతకాలం, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే ఆబ్జెక్టు.

నిర్వచనాలు ఇంతే, పట్టుమని నాలుగు వాక్యాలు. చిక్కు ఎలా మొదలవుతుందో చూడాలంటే ఒక మామూలు సన్నివేశం చాలు. ఫారం సబ్మిట్ అయింది, సర్వ్‌లెట్ బీన్ని నింపి రిక్వెస్ట్ స్కోపులో పెట్టి, ఫలితం చూపించే పేజీకి రీడైరెక్ట్ చేసింది. అక్కడ బీన్ ఖాళీగా ఉంది. కారణం సులువు: ఫార్వర్డ్ సర్వర్ లోపల జరిగే పని, రిక్వెస్ట్ అదే ఉంటుంది. రీడైరెక్ట్ అంటే బ్రౌజర్‌కి నువ్వు ఫలానా అడ్రసుకి వెళ్లు అని చెప్పడం, బ్రౌజర్ కొత్త రిక్వెస్టుతో వస్తుంది, పాత రిక్వెస్టుతో పాటే దానిలోని బీన్ కూడా పోయింది. ఈ సంగతి తెలియనివాళ్లు స్కోపుని సెషన్‌కి మారుస్తారు. వెంటనే పనిచేస్తుంది. ఇక ఆ తర్వాత ప్రతి బీన్‌నీ సెషన్‌లోనే పెట్టడం అలవాటైపోతుంది.

దాని ఖరీదు తర్వాత తెలుస్తుంది. వెతుకులాట ఫలితాల జాబితా సెషన్లో దాచారు, ఒక్కోటి 1 ఎంబీ అనుకుంటే, 2,000 సెషన్లు బతికుంటే దాదాపు 2 జీబీ మెమరీ దానికే పోతుంది. వాళ్లలో చాలామంది ఎప్పుడో ట్యాబు మూసి వెళ్లిపోయినా, 30 నిమిషాలు గడిచేదాకా ఆ సంగతి సర్వర్‌కి తెలియదు. సెషన్లను డిస్కులో దాచేలా, లేదా ఇంకో సర్వర్‌కి కాపీ చేసేలా పెట్టుకుంటే సెషన్లోని బీన్ సీరియలైజబుల్ (బైట్లుగా మార్చి దాచగలిగేది) అయి ఉండాలి. టెస్టింగ్‌లో ఒకే మెషీన్ మీద ఏ ఇబ్బందీ రాదు, రెండు సర్వర్ల మీద పెట్టిన రోజున ఎక్సెప్షన్లు మొదలవుతాయి.

మెమరీ కంటే ప్రమాదం రెండు ట్యాబుల సంగతి. ఎంచుకున్న వస్తువు అనే బీన్ సెషన్లో ఉంది. వాడేవాళ్లు ఒక ట్యాబులో కెమెరా పేజీ తెరిచారు, పోల్చి చూద్దామని రెండో ట్యాబులో లెన్సు పేజీ తెరిచారు. సెషన్ ఒక్కటే, బీన్ ఒక్కటే, ఇప్పుడు దానిలో ఉన్నది లెన్సు. మొదటి ట్యాబుకి వెనక్కి వచ్చి, కళ్లముందు కెమెరా బొమ్మ కనిపిస్తుండగానే కొనుగోలు బటన్ నొక్కితే ఆర్డర్ పడేది లెన్సుకి. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, ఎక్సెప్షన్ ఉండదు, డెవలపర్ తన మెషీన్ మీద వందసార్లు ప్రయత్నించినా రాదు, ఎందుకంటే టెస్ట్ చేసేవాళ్లు సాధారణంగా ఒక్క ట్యాబులోనే చేస్తారు. ఏ వస్తువు కొంటున్నారన్నది ఆ పేజీకి సంబంధించిన విషయం, వస్తువు నంబరు ఫారంతో పాటే వెళ్లాలి. లాగిన్ అయినది ఎవరు, ఏ భాష ఎంచుకున్నారు, కార్ట్‌లో ఏమున్నాయి, ఇలా ట్యాబుతో పనిలేకుండా మనిషికి సంబంధించినవే సెషన్లో ఉండదగ్గవి.

అప్లికేషన్ స్కోపులో ఇదే కథ ఇంకో స్థాయికి పోతుంది. సందర్శకుల్ని లెక్కించే బీన్‌లో కౌంట్ ప్లస్ ప్లస్ అని రాస్తే అది ఒక పనిలా కనిపిస్తుంది, నిజానికి చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం అని మూడు పనులు. రెండు థ్రెడ్లు ఒకేసారి 41 చదివితే రెండూ 42 రాస్తాయి, ఒకరి లెక్క గల్లంతు. ఇలాంటి చోట అటామిక్ ఇంటిజర్ వాడాలి, లేదా మెథడ్‌ని సింక్రనైజ్ చేయాలి. దేశాల పేర్లు, ధరల పట్టిక లాంటి, ఒకసారి నింపాక మారని డేటాకయితే అప్లికేషన్ స్కోపు నిశ్చింతగా వాడుకోవచ్చు.

పేజీ ముక్కల్ని కలిపేటప్పుడు కూడా స్కోపు అడ్డం పడుతుంది. ఇన్‌క్లూడ్ డైరెక్టివ్ వాడితే రెండు ఫైళ్లూ కంపైల్ అవకముందే ఒకటవుతాయి, పేజీ స్కోపు బీన్ రెండింటికీ అందుతుంది. ఇన్‌క్లూడ్ యాక్షన్ ట్యాగు వాడితే రెండోది విడి సర్వ్‌లెట్‌గానే నడుస్తుంది, దానికి పేజీ స్కోపు వేరు, బీన్ అందాలంటే రిక్వెస్ట్ స్కోపులో ఉండాలి.

## ఫారం నుంచి బీన్‌లోకి: స్టార్ గుర్తు చేసేవి, చేయనివి

సెట్‌ప్రాపర్టీలో ప్రాపర్టీ పేరు బదులు స్టార్ గుర్తు పెడితే, రిక్వెస్టులో వచ్చిన ప్రతి పారామీటర్‌నీ అదే పేరున్న ప్రాపర్టీలోకి పంపిస్తుంది. ఇరవై ఫీల్డుల ఫారానికి ఇరవై లైన్లు అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఇంటిజర్, డబుల్, బూలియన్ లాంటి రకాలకి అక్షరాల నుంచి మార్పు కూడా అదే చేసిపెడుతుంది. కానీ ఫారంలో వయసు దగ్గర ఎవరైనా ముప్ఫై అని అక్షరాల్లో రాస్తే మార్పు కుదరదు, పేజీ మొత్తం 500 ఎర్రర్‌తో ఆగిపోతుంది, మిగతా ఫీల్డుల్లో శ్రమపడి నింపినవన్నీ పోతాయి. తేదీ రకానికి మార్పు ఏర్పాటు అసలు లేదు, విడిగా ప్రాపర్టీ ఎడిటర్ రాసుకోవాల్సిందే. అందుకే వాడేవాళ్లు నింపే ఫారంకి కట్టే బీన్‌లో అన్నీ స్ట్రింగులుగా తీసుకుని, తప్పుల్ని బీన్ లోపలే చూసుకోవడం పాతకాలం నుంచి ఉన్న మంచి పద్ధతి.

ఇంతకంటే తక్కువ కనిపించే నియమం ఒకటుంది. పారామీటర్ ఖాళీగా వస్తే స్టార్ దాన్ని వదిలేస్తుంది, బీన్‌లో పాత విలువే ఉంటుంది. ప్రొఫైల్ బీన్ సెషన్లో ఉంది, రెండో ఫోన్ నంబరు ఇప్పటికే దానిలో ఉంది. ఆ నంబరు ఇక పనిచేయదు కాబట్టి ఫీల్డు తుడిచేసి సేవ్ నొక్కారు. బ్రౌజర్ ఆ ఫీల్డుని ఖాళీ స్ట్రింగుగా పంపింది, స్టార్ దాన్ని ముట్టుకోలేదు, పేజీ మళ్లీ తెరుచుకునేసరికి పాత నంబరు అలాగే ఉంది. ఎన్నిసార్లు తుడిచినా అంతే. చెక్‌బాక్సుది ఇంకో రకం. టిక్కు తీసేసిన చెక్‌బాక్సుకి బ్రౌజర్ పారామీటర్ పంపనే పంపదు, కాబట్టి ఒకసారి ట్రూ అయిన బూలియన్ తిరిగి ఫాల్స్ అవ్వదు. ఈమెయిళ్లు వద్దని టిక్కు తీసేసిన మనిషికి ఈమెయిళ్లు వస్తూనే ఉంటాయంటే అది చిన్న తప్పేం కాదు.

రెండింటికీ వైద్యం ఒకటే: ఫారం నింపే బీన్ని రిక్వెస్ట్ స్కోపులో పెట్టడం. ప్రతి సబ్మిట్‌కీ కొత్త బీన్ పుడుతుంది, రాని విలువలు ఖాళీగానో ఫాల్స్‌గానో ఉంటాయి, ఆ తర్వాత దాన్నుంచి అసలు ప్రొఫైల్‌లోకి ఏది మార్చాలో కోడు నిర్ణయిస్తుంది. మళ్లీ స్కోపు దగ్గరికే వచ్చాం.

భద్రత సంగతి కూడా ఇక్కడే ఉంది. స్టార్‌కి ఫారంలో ఏ ఫీల్డులున్నాయో తెలియదు, రిక్వెస్టులో ఏ పారామీటర్లు వచ్చాయో మాత్రమే తెలుసు. యూజర్ బీన్‌లో సెట్‌అడ్మిన్ అనే మెథడ్ ఉంటే, ఫారంలో ఆ ఫీల్డు లేకపోయినా, అడ్రసు చివర అడ్మిన్ ఈక్వల్ టూ ట్రూ అని చేర్చి పంపినవాళ్లు ఆ విలువని పెట్టేయగలరు. ఈ రకం లోపాన్ని మాస్ అసైన్‌మెంట్ అంటారు, ఇది జేఎస్‌పీకే పరిమితం కాదు, రిక్వెస్టుని ఆబ్జెక్టుకి దానంతటదే కట్టే ప్రతి ఫ్రేమ్‌వర్క్‌లోనూ చూసుకోవాల్సిందే. 2022లో స్ప్రింగ్4షెల్ పేరుతో కలకలం రేపిన లోపానికి కూడా మూలం ఈ కుటుంబంలోదే: ప్రతి జావా ఆబ్జెక్టుకీ ఉండే గెట్‌క్లాస్ మెథడ్ వల్ల క్లాస్ అనేది కూడా ఒక ప్రాపర్టీగా కనిపిస్తుంది, చుక్కలతో లోపలికి వెళ్లే పేర్లని ఫ్రేమ్‌వర్క్ ఒప్పుకుంటుంది కాబట్టి, కొత్త జేడీకేల మీద అక్కడి నుంచి క్లాస్‌లోడర్ (క్లాసుల్ని మెమరీలోకి ఎక్కించే భాగం) దాకా చేరే దారి దొరికింది. జేఎస్‌పీలోని స్టార్ అలా చుక్కలు దాటి లోపలికి పోదు, కాబట్టి ఆ ప్రత్యేక దారి ఇక్కడ లేదు. సెట్‌అడ్మిన్ దారి మాత్రం బార్లా తెరిచే ఉంటుంది. ఫారం కోసం వేరే చిన్న బీన్, డేటాబేస్ కోసం వేరే క్లాసు అని విడగొట్టుకుంటే అది మూసుకుంటుంది.

బయటికి చూపించేటప్పుడు ఇంకో జాగ్రత్త. గెట్‌ప్రాపర్టీ విలువని ఉన్నదున్నట్టు రాస్తుంది, పేరు ఫీల్డులో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగు నింపితే అది తర్వాత పేజీ చూసేవాళ్ల బ్రౌజర్‌లో నడుస్తుంది. జేఎస్‌పీ పేజీల ప్రామాణిక ట్యాగుల లైబ్రరీ జేఎస్‌టీఎల్‌లోని ఔట్ ట్యాగు ఆ గుర్తుల్ని మామూలు అక్షరాలుగా మార్చి రాస్తుంది. జనం నింపిన ఏ విలువకైనా అదే వాడాలి.

## పేర్ల లెక్క ఎక్కడ తప్పుతుంది

ప్రాపర్టీ పేరు మెథడ్ పేరు నుంచి వస్తుంది, ఫీల్డు పేరు నుంచి కాదు. గెట్ తీసేసి, మిగిలిన మాటలో మొదటి అక్షరాన్ని చిన్నది చేస్తారు. కానీ మొదటి రెండు అక్షరాలూ పెద్దవైతే అలాగే వదిలేస్తారు, కాబట్టి గెట్‌యూఆర్ఎల్ అని మూడు అక్షరాలూ పెద్దగా రాస్తే ప్రాపర్టీ పేరు కూడా మూడు పెద్ద అక్షరాలే, పేజీలో చిన్న అక్షరాలతో రాస్తే దొరకదు. ఈమెయిల్‌ని మొదటి అక్షరం చిన్నగా, రెండోది పెద్దగా రాసే అలవాటు ఉన్నవాళ్లకీ ఇదే తలనొప్పి. బూలియన్‌కి ఈజ్ అని మొదలయ్యే మెథడ్ చాలు, అయితే అది చిన్న బీతో రాసే ప్రిమిటివ్ బూలియన్‌కి. పెద్ద బీతో రాసే ర్యాపర్ రకానికి ఈజ్ మెథడ్‌ని ప్రమాణ పద్ధతి గుర్తించదు, గెట్ కావాలి. ప్రాపర్టీ దొరకలేదు అన్న ఎర్రర్ వచ్చి, క్లాసులో చూస్తే ఫీల్డు ఎదురుగానే ఉంటే, కళ్లు మెథడ్ పేరు మీద పెట్టాలి.

## పేజీ నుంచి సర్వ్‌లెట్‌కి మారిన బాధ్యత

మొదట్లో పేజీయే బీన్ని పిలిచి, నింపి, చూపించేది. దాన్ని మోడల్ 1 అన్నారు. రెండు మూడు పేజీలకి ఇప్పటికీ బాగానే ఉంటుంది. పేజీలు పెరిగితే మాత్రం ఏ పేజీ తర్వాత ఏది అన్న నిర్ణయం పేజీల నిండా చెదిరిపోతుంది. మోడల్ 2లో రిక్వెస్ట్ ముందు సర్వ్‌లెట్‌కి వెళ్తుంది, అది బీన్ని నింపి రిక్వెస్ట్ స్కోపులో పెట్టి పేజీకి ఫార్వర్డ్ చేస్తుంది, పేజీ చూపించి ఊరుకుంటుంది. 2000లో మొదలైన స్ట్రట్స్ ఈ పద్ధతినే ఫ్రేమ్‌వర్క్‌గా మలిచింది, తర్వాత వచ్చిన స్ప్రింగ్ ఎంవీసీ దారి కూడా ఇదే.

2003లో జేఎస్‌పీ 2.0తో ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ (విలువల్ని పొట్టిగా అడిగే చిన్న భాష) పేజీల్లోకి వచ్చాక యూజ్‌బీన్ ట్యాగు అవసరం బాగా తగ్గింది. డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్ల మధ్య కార్ట్ చుక్క టోటల్ అని రాస్తే చాలు, పేజీ, రిక్వెస్ట్, సెషన్, అప్లికేషన్ వరసలో వెతికి, దొరికినదాని గెట్‌టోటల్‌ని పిలుస్తుంది. లోపల ఇంకో బీన్ ఉంటే ఇంకో చుక్క. గెట్‌ప్రాపర్టీకి ఇది చేతకాదు. ఈ వెతుకులాట వరసలోనూ ఒక ముల్లు ఉంది: రిక్వెస్టులో, సెషన్లో ఒకే పేరుతో రెండు బీన్లుంటే రిక్వెస్టులోది గెలుస్తుంది, చెప్పకుండానే. ఇక్కడా హెచ్‌టీఎంఎల్ గుర్తులు మార్చే పని జరగదు, ఔట్ ట్యాగు అవసరం అలాగే ఉంది.

కాబట్టి కొత్తగా రాసేవాళ్లు మూడు ట్యాగుల్నీ వాడకపోయినా పర్వాలేదు. బీన్ మాత్రం పోలేదు, దాన్ని పిలిచే వాక్యం మారింది, అంతే. పాత కోడు చూసుకునేవాళ్లకి ట్యాగుల లోగుట్టు తెలియడం ఇప్పటికీ తప్పనిసరి.

## జావాఎక్స్ నుంచి జకార్తాకి: బీన్ ఎందుకు క్షేమం

జావా ఈఈని ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగిస్తున్నట్టు ప్రకటించింది. కొత్త పేరుతో 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. టామ్‌క్యాట్ 9 నుంచి 10కి వెళ్లేవాళ్లకి సర్వ్‌లెట్లలో, ఫిల్టర్లలో, ట్యాగు క్లాసుల్లో ఇంపోర్టులన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

జాగ్రత్తగా రాసిన బీన్‌లో మార్చాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే అందులో సర్వ్‌లెట్ ఇంపోర్టే ఉండదు. దానికి రిక్వెస్ట్ అంటే తెలియదు, సెషన్ అంటే తెలియదు, పేరు, ధర, సంఖ్య మాత్రమే తెలుసు. పేజీ లేకుండా, సర్వర్ నడపకుండా, మామూలు యూనిట్ టెస్టులో న్యూ అని పిలిచి దాని లెక్కలు సరిచూసుకోవచ్చు. తొందరలో రిక్వెస్ట్ ఆబ్జెక్టుని బీన్‌లోకే పంపించి, అక్కడే పారామీటర్లు చదివించినవాళ్లకి ఈ రెండు సుఖాలూ దక్కలేదు. మళ్లీ వాడుకోగలగడం అనే గుణం క్లాసు దేన్ని ఎరగదో దాన్నిబట్టే వస్తుంది.

జావా 16లో స్థిరపడిన రికార్డులు (విలువలు మోయడానికే రాసే, పుట్టాక మారని క్లాసులు) ఇప్పుడు కొత్త ప్రశ్న తెచ్చాయి. రికార్డులో గెట్ అనే మాట ఉండదు, నేమ్ అనే ప్రాపర్టీకి నేమ్ అనే మెథడే, సెట్ మెథడ్లు అసలే లేవు, ఖాళీ కన్‌స్ట్రక్టర్ కూడా దానంతటది రాదు. యూజ్‌బీన్, సెట్‌ప్రాపర్టీలతో అది పొసగదు. పాత ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌లో చుక్క పెట్టి అడిగినా దొరకదు, మెథడ్‌లా బ్రాకెట్లు పెట్టి పిలవాలి. జకార్తా ఈఈ 11తో వచ్చిన ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ 6.0 రికార్డుల్ని నేరుగా చదవగలదు, టామ్‌క్యాట్ 11లో ఇది పనిచేస్తుంది. పుట్టాక మారనిది కాబట్టి రికార్డులో పెట్టినవి కూడా మారని విలువలే అయితే సెషన్లో ఉన్నా, అప్లికేషన్‌లో ఉన్నా రెండు థ్రెడ్లు దాని లోపలి విలువల్ని పాడుచేయలేవు. చూపించడానికి మాత్రమే పేజీకి పంపే డేటాకి రికార్డు, ఫారం నుంచి విలువలు అందుకోవడానికి గెట్, సెట్ ఉన్న పాత బీన్, ఇలా పని పంచుకుంటే రెండూ ఒకే ప్రాజెక్టులో ఇబ్బంది లేకుండా సాగుతాయి. రెండు ట్యాబుల తిప్పలు మాత్రం రికార్డు వాడినా తీరవు, సెషన్లో ఆ పేరు కింద ఉన్నది ఒక్కటే కాబట్టి.